దద్దుర్ల చుట్టూ పెన్ను గీతలు

"ఆ చేతులతో దాన్ని ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు?"

"కడుక్కునే వచ్చానత్తయ్యా."

"దేంతో కడుక్కున్నావ్? ఆ టర్పెంటైనుతోనేగా! నువ్వు వీధి మలుపులో ఉండగానే ఇక్కడికి వాసన కొట్టింది. నువ్వు గుమ్మంలో కాలు పెట్టావ్, దాని పొట్ట మీద దద్దుర్లు లేచాయి. నేనేమైనా కలగని చెబుతున్నానా?"

"సబ్బుతో కూడా కడిగాను. రెండుసార్లు."

"సబ్బు చేతులకి. మరి జుట్టుకో? ఆ చెవి వెనక పచ్చరంగేంటి, పుట్టుమచ్చా?"

"అమ్మా, కాస్త మెల్లగా. పక్కింటివాళ్ళు టీవీ కట్టేసి మరీ వింటున్నారు."

"విననీ! వాళ్ళకీ తెలియాలి!"

వంటింటి వెనక కుళాయి దగ్గర సాగుతున్న ఈ పోట్లాటని ముందుగదిలో కూర్చుని డ్రైవరు ఒక్క ముక్క వదలకుండా వింటున్నాడు. ఆయన బస్సు దిగి చాలా కాలమైంది. అయినా వీధిలో ఆయనింకా డ్రైవరే. ఇంజను చప్పుడు విని లోపల ఏ భాగం అరిగిందో చెప్పగలిగే మనిషి కాబట్టి, భార్య గొంతు వినగానే ఇవాళ్టిది మామూలు పోట్లాట కాదని పసిగట్టేశాడు. రోజూ అయితే ఆవిడ అరుస్తుంది, అల్లుడు తల వంచుకుంటాడు, కూతురు మధ్యలో దూరి ఇద్దరితోనూ తిట్లు తింటుంది. ఇవాళ అల్లుడు జవాబు చెబుతున్నాడు.

ఆయన ఒళ్ళో మనవరాలు గౌను పైకెత్తి తన పొట్ట తను చూసుకుంటోంది. ఐదేళ్ళ పిల్ల. ఇంట్లో అందరికీ బుడంకాయ. బొడ్డు చుట్టూ ఎర్రగా, ఉబ్బుగా, నడుమ తెల్లబారి దద్దుర్లు లేచి ఉన్నాయి.

"తాతా, ఇది బాతులా ఉంది."

"ఏదీ? కాదే, బస్సు. అదిగో చక్రం."

"బాతే. బస్సు అయితే దురద పెట్టదు."

గోకబోయిన చేతిని ఆయన మెల్లగా పట్టుకుని, తడిగుడ్డ దానిమీద వేశాడు. లోపల్నుంచి అల్లుడి మాట వినబడింది. గొంతు పెరగలేదు. అందుకే ఆయన చెవి అటు పెట్టాడు.

"సరే అత్తయ్యా. ఈ నెలాఖరు దాకా చూడండి. అప్పటికీ దీనికి దద్దుర్లు ఆగకపోతే బ్రష్షులన్నీ ఎవరికైనా ఇచ్చేసి, మామయ్య మాట్లాడిన గోడౌనులో చేరిపోతాను. సరేనా?"

అట్టపెట్టెల గోడౌను. పొద్దున వెళ్ళి పెట్టెలు మడతపెట్టి, సాయంత్రం వచ్చేయడం. యజమాని డ్రైవరు పాత స్నేహితుడు. నెలాఖరు దాకా ఆ చోటు ఇంకొకరికి ఇవ్వనని మాటిచ్చాడు. భార్య పోరు పడలేక ఆ ఉద్యోగం మాట్లాడి పెట్టింది డ్రైవరే. అట్టపెట్టెల మధ్య అల్లుడు ఎలా ఉంటాడో ఊహించుకుంటే మాత్రం ఆయనకి ముద్ద దిగదు.

ఎందుకంటే అల్లుడు రంగులు వేసి బతికేవాడు మాత్రమే కాదు, గోడలంటే పిచ్చి ఉన్నవాడు. దారిన పోతూ పోతూ ఎవరిదో గోడ దగ్గర ఆగి అరచేత్తో తట్టి చూస్తాడు, గుర్రాన్ని కొనడానికి వచ్చినవాడిలా. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు అమ్మాయి వంక కంటే ఈ ఇంటి పైకప్పు మూల వంకే ఎక్కువ చూశాడు. "అక్కడ చెమ్మ దిగుతోందండీ" అన్నాడు. మొదటి మాట అదే. డ్రైవరుకి ఒళ్ళు మండింది. మరుసటి వానలకి సరిగ్గా అక్కడే పెచ్చులూడి ఆయన కంచంలో పడ్డాయి. అయినా చాలా రోజులు ఆయన అల్లుణ్ణి మనసులో ఒప్పుకోలేదు. అద్దెలు పెరిగి కూతురూ అల్లుడూ ఈ ఇంటికే వచ్చి ఉండడం మొదలుపెట్టాక కూడా, ఒప్పుకోకుండా ఉండడానికి ఏదో ఒక సాకు వెతుక్కుంటూనే ఉన్నాడు. కుర్రాడు పొద్దున్నే లేస్తాడు. తాగడు. ఎవరి జోలికీ పోడు. సాకులు దొరక్క ఆయనకే విసుగు పుట్టింది.

ఆ విసుగు కూడా పోయింది మనవరాలి ఆట చూశాక. అల్లుడు ఎంత రుద్దుకున్నా ఒంటిమీద ఎక్కడో ఒకచోట రంగుచుక్క మిగిలిపోతుంది. అందుకే వీధిలో వాళ్ళు అతన్ని చుక్క అంటారు. బుడంకాయ రోజూ సాయంత్రం వాళ్ళ నాన్న మీదెక్కి ఆ చుక్క వెతుకుతుంది. మోచేయి, మెడ, కనుబొమ్మ, కాలివేళ్ళ సందు. "చుక్కేదీ? చుక్కేదీ?" అంటూ ఇల్లంతా ఒకటే గోల. దొరికిందా, ఆ రోజు అన్నం మారాం లేకుండా తింటుంది. దొరక్కపోతే తండ్రికి శిక్ష. గుర్రమై ముందుగది రెండుసార్లు చుట్టాలి.

దద్దుర్లు వచ్చాక ఆ ఆట ఆగిపోయింది.

మొదట పిల్లకి మామూలు జలుబు, ఒకరోజు జ్వరం. అవి తగ్గాయనుకుంటుండగా ఒక పొద్దున తొడలమీద దోమ కుట్టినట్టు లేచాయి. మధ్యాహ్నానికి తొడలు శుభ్రం, వీపంతా ఎరుపు. సాయంత్రానికి వీపు శుభ్రం, చేతులు. పట్టుకుందామంటే చిక్కని కోడిపిల్లలా తిరిగాయి ఒళ్ళంతా. పిల్లల డాక్టరమ్మ చూసింది. "కంగారేం లేదు, దద్దుర్లే" అని అలర్జీ సిరప్ రాసి, రోజుకి ఒకసారి వేయమని చెప్పి, మళ్ళీ రమ్మంది. సీసాతో పాటు వచ్చిన చిన్న కొలత గొట్టంతోనే వేయాలి, వంటింటి చెంచాతో కాదు అని కూడా చెప్పింది.

ఇంటికొచ్చాక అత్తగారు దర్యాప్తు మొదలుపెట్టింది. మొదటి ముద్దాయి గుడ్డు. దాన్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. దద్దుర్లు ఆగలేదు. తర్వాత టమోటా. తర్వాత చేప. తర్వాత కొత్త సబ్బు, ఎదురింటి పిల్లి, మంచం మీది ఉన్ని దుప్పటి. బుడంకాయ తిండి తగ్గి తగ్గి చివరికి చప్పటి అన్నం, ఉడకబెట్టిన బంగాళాదుంప మిగిలాయి. "నానమ్మ వాళ్ళింట్లో గుడ్డు తింటారా?" అని ఆ పిల్ల ఓ రోజు చాలా మర్యాదగా అడిగింది. అనుమానితులందర్నీ వెళ్ళగొట్టాక ఇంట్లో ఇంకా మిగిలినవాడు ఒక్కడే. రంగువాసన వేసే తండ్రి. అతని పక్క వసారాలోకి మారింది. బయట బట్టలు మార్చుకోవాలి. పిల్లని ఎత్తుకోకూడదు. అతను దేనికీ ఎదురు చెప్పలేదు. తన వల్లేనేమోనని అతనికీ లోపల భయం. కిటికీ ఊచల బయట నిలబడి, "ఇవాళ చుక్క ఎక్కడుందో చెప్పు చూద్దాం" అనేవాడు. పిల్ల ఊచల్లోంచి చూసి చెప్పేది. డ్రైవరు ఆ పక్కకి చూడకుండా పేపరు తిరగేసేవాడు.

కుళాయి దగ్గర పోట్లాట జరిగిన మూడో రోజునో నాలుగో రోజునో, అల్లుడు క్యారేజీ మర్చిపోయాడు. డ్రైవరు దాన్ని స్కూటరుకి తగిలించుకుని పని జరుగుతున్న ఇంటికి వెళ్ళాడు.

అదో పాత రెండంతస్తుల ఇల్లు. హాల్లో సామానంతా నడుమకి జరిపి దుప్పట్లు కప్పారు. నేలమీద పాత పేపర్లు. అల్లుడు నిచ్చెన మీద కూర్చుని, గోడమీది చెమ్మమచ్చ చుట్టూ పెన్సిలుతో గీత గీస్తున్నాడు. పక్కనే ఇంకో గీత, ఇంకాస్త లోపలికి.

"అదెందుకు?" అన్నాడు డ్రైవరు.

"లోపలిది మొన్నటి గీత మామయ్యా. ఇది ఇవాళ్టిది. మచ్చ గీత దాటి బయటికొచ్చింది. అంటే పైన గొట్టం ఇంకా కారుతోందన్నమాట. గీత గీయకపోతే పెరిగిందో లేదో అని ఇంటివాళ్ళూ మనమూ వాదించుకుంటూ కూర్చోవాలి."

ఇంతలో ఇంటావిడ వచ్చింది. కళ్ళజోడు మెళ్ళో వేలాడుతోంది.

"ఏం బాబూ, గొట్టం బాగుచేయిస్తాం సరే. ఆ మచ్చ కనబడే చోట మాత్రం కాస్త రంగు పూసెయ్. మిగతా గోడ బాగానే ఉందిగా."

"బాగున్నట్టు కనబడుతోందమ్మా. మచ్చ ఉన్నచోటే పూశాననుకోండి, ఇవాళ బ్రహ్మాండంగా ఉంటుంది. వారం తిరక్కుండా పక్కన ఇంకోటి తేలుతుంది. దాన్ని పూస్తే ఇంకో పక్కన. మీరు నన్ను పిలుస్తూనే ఉంటారు, నేను వస్తూనే ఉంటాను. చెమ్మ ఆపే మందు గోడంతా వేయాలి. మచ్చ కనబడినా కనబడకపోయినా. ఆరేదాకా ఆగి, మళ్ళీ ఓ కోటింగు. అప్పుడు ఆగుతుంది."

"నీకు పని ఎక్కువ కావాలి, అంతేగా?"

"నాకు పని ఎక్కువ కావాలంటే మీరు చెప్పినట్టే చేస్తానమ్మా!"

ఆవిడ నవ్వేసింది. డ్రైవరు కూడా నవ్వాడు. అప్పుడే ఫోను మోగింది. బడి నుంచి. పిల్ల ఒంటినిండా దద్దుర్లు లేచాయి, వచ్చి తీసుకెళ్ళమని.

ఇద్దరూ స్కూటరు మీద బయల్దేరారు. బళ్ళో ఆయమ్మ గదిలో బుడంకాయ బల్లమీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది. చేతులు, మెడ, పొట్ట అంతా ఎరుపు. ఏడవడం లేదు. ఊపిరి బాగానే తీసుకుంటోంది. పెదాలు మామూలుగానే ఉన్నాయి. తండ్రిని చూడగానే చేతులు చాచింది. అతను రెండడుగులు వేసి ఆగిపోయాడు. పని బట్టలతోనే వచ్చాడు మరి.

"మామయ్యా, మీ జేబులో పెన్నుందా?"

"ఎందుకురా ఇప్పుడు పెన్ను?"

"పోయిన రెండుసార్లూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేసరికి ఒక్కటీ మిగల్లేదు. ఒట్టి ఒళ్ళు చూపించి వచ్చాం. ఇవాళ దొరకనివ్వను."

అల్లుడు దగ్గరికి రాకుండా దూరం నుంచి వేలితో చూపిస్తూ ఉంటే, డ్రైవరే గీతలు గీశాడు. "దాని అంచు వెంబడే మామయ్యా, లోపలికి పోకండి. అదిగో, ఆ వంపు." బస్సుని సందులో రివర్సు చేయిస్తున్న కండక్టరులా చెప్పాడు. పిల్లకి చక్కిలిగింతలు. "ఇది బాతు, ఇది బాతు పిల్ల" అని పేర్లు పెడుతూ పోయింది.

డాక్టరమ్మ దగ్గర వంతు వచ్చేసరికి అనుకున్నంతా అయింది. గౌను ఎత్తి చూస్తే దద్దుర్లు చాలావరకు మాయం. మిగిలింది నీలి సిరా గీతలు. పొట్టనిండా ఎవరో దేశాలు గీసి వదిలేసినట్టుంది. ఒక గీత పక్కన, గీత లేని చోట, కొత్త దద్దురు ఒకటి అప్పుడే లేస్తోంది.

డాక్టరమ్మ కాసేపు అలాగే చూసి పకపకా నవ్వింది. "ఎవరు గీశారివి?"

"గీసింది నేను, గీయించింది వీడు" అన్నాడు డ్రైవరు.

"మంచి పని చేశారు. ఒకచోట మాయమై ఇంకోచోట లేస్తోందంటే ఇవి దద్దుర్లేనని నాకు ఇంకా రూఢి అయింది. సరే, సిరప్ రోజూ వేస్తున్నారుగా?"

అల్లుడు మామయ్య వంక చూశాడు. బల్లమీద పేపరు ఫ్యాను గాలికి ఎగిరిపడుతోంది.

"వేస్తున్నామండీ" అన్నాడు అల్లుడు. "కనబడినప్పుడల్లా."

"కనబడనప్పుడో?"

"ఒళ్ళు శుభ్రంగా ఉన్నప్పుడు చిన్నపిల్లకి మందెందుకని... పక్కింటి బాబుకి ఇలాంటిదే ఏదో సిరప్ వేస్తే పొద్దంతా మత్తుగా పడుకున్నాడు. అది చూసి భయమేసింది. మచ్చ లేచినప్పుడు వేస్తే చాలుగదా అని ఇంట్లో నేనే చెప్పాను..."

డ్రైవరుకి మొదట దగ్గొచ్చింది. అది నవ్వేనని తెలిసేసరికి ఆపడం చేతకాలేదు. పొట్ట పట్టుకుని కుర్చీలో వాలిపోయాడు.

"ఏమైందండీ?" అంది డాక్టరమ్మ.

"అల్లుడూ, పొద్దున ఆ ఇంటావిడతో ఏమన్నావ్? ఇక్కడ కూడా చెప్పు. చెప్పవయ్యా!"

అల్లుడి మొహం ఎర్రబడింది. దద్దుర్లు అతనికి లేచాయేమో అన్నంత ఎరుపు. "గోడ వేరు, ఒళ్ళు వేరు మామయ్యా" అన్నాడు నేలచూపులు చూస్తూ. తర్వాత అతనికీ నవ్వొచ్చేసింది. మచ్చ ఉన్నచోటే పూయడం గురించి తను రోజూ అందరికీ చెప్పే మాట డాక్టరమ్మకి చెప్పాడు. ఇన్నేళ్ళుగా ఒక్క ఇంటివాళ్ళని కూడా అలా చేయనివ్వలేదట. సొంత కూతురి దగ్గర మాత్రం సరిగ్గా అదే చేశాడు.

"మందు సంగతి కూడా అంతే బాబూ" అందామె. "ఒంట్లో హిస్టమిన్ అనే పదార్థం బయటికొస్తేనే చర్మం ఇలా ఉబ్బి దురద పెడుతుంది. ఈ సిరప్ దాన్ని పనిచేయనివ్వదు. ఉన్న దద్దురుని తుడిచేయడం కాదు, లేవబోయేదాన్ని ఆపడం ముఖ్యం. అందుకే కనబడినా కనబడకపోయినా రోజూ ఒకే వేళకి వేయాలి. నేను చెప్పిన కొలతే. ఓ రోజు మర్చిపోయాం కదా అని మరుసటి రోజు రెండింతలు వేయకూడదు. ఎప్పుడు ఆపాలో నేను చెబుతాను. ఇది ఆ పాత రకం కాదు, మత్తు బాగా తక్కువ."

"మరి దేనివల్ల వస్తోందమ్మా?" అన్నాడు డ్రైవరు. అసలు ప్రశ్న అదే. నెలాఖరు గడువు ఉండనే ఉంది.

"చాలామంది పిల్లల్లో ఫలానా దానివల్ల అని దొరకదండీ. జలుబు, జ్వరం వచ్చిపోయాక కొన్ని వారాలు ఇలా లేస్తూనే ఉంటాయి. అంతకన్నా పెద్ద కారణం నాకు కనబడ్డం లేదు."

"నేను రంగులు వేస్తానండీ" అన్నాడు అల్లుడు. ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టే ఉంది గొంతు. "ఆ వాసన వల్లనా?"

"మీరు దగ్గరికొస్తేనే వస్తున్నాయా?"

"దగ్గరికి రానివ్వడం లేదండీ నన్ను. వసారాలో పడుకుంటున్నాను."

"అయినా వచ్చాయిగా. ఇవాళ ఎక్కడ లేచాయి?"

"బళ్ళో. ఆ బడి గోడలకి రంగేసి ఏళ్ళయిందండీ, ఇందాకే చూశాను. సున్నం రాలుతోంది."

డాక్టరమ్మ మళ్ళీ నవ్వింది. "అయితే రంగుమీద నేను కేసు పెట్టలేను. తడిరంగు వేసిన గదిలో పిల్లని పడుకోబెట్టకండి, అది ఏ పిల్లకైనా మంచిది కాదు. అంతకుమించి మీరు దూరంగా ఉండక్కర్లేదు. తిండి కూడా ఊరికే మానిపించకండి, గుడ్డయినా చేపయినా ఇదివరకు పడినవేగా. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. పెదాలో నాలుకో ఉబ్బినా, ఊపిరి ఆడక ఇబ్బంది పడినా, వాంతులయి పిల్ల నీరసపడినా సిరప్ వేసి కూర్చోకూడదు. ఆ క్షణమే ఆసుపత్రికి."

"గుడ్డు తినొచ్చా?" అంది బుడంకాయ. అంతసేపూ ఆ పిల్ల విన్నది ఆ ఒక్క మాటే.

తిరిగొచ్చేటప్పుడు డ్రైవరు స్కూటరు చాలా నెమ్మదిగా నడిపాడు. వెనక అల్లుడు, నడుమ పిల్ల. రంగుల బట్టల్లోకి మొహం దూర్చి ఏదో గొణుగుతూ వెతుకుతోంది. వెనక బళ్ళు హారన్లు కొడుతుంటే, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయనకి ఎవరిమీదా కోపం రాలేదు.

అత్తగారు సంగతంతా విని నడుంమీద చెయ్యేసుకుంది. "బాగుందయ్యా వరస. మందు సరిగ్గా వేయకుండా ఇన్నాళ్ళూ పిల్ల నోట్లో గుడ్డు పడకుండా చేశారన్నమాట!" అంది. ఆ గుడ్లు మానిపించిందెవరో గుర్తుచేయడానికి నోరు తెరిచిన కూతుర్ని డ్రైవరు కంటిసైగతో ఆపాడు. ఎదురుగా వేగంగా వచ్చే లారీకి పక్కకి తప్పుకోవడం ఆయనకి కొత్తేం కాదు.

ఆ రోజు నుంచి సిరప్ సీసా అత్తగారి అధీనంలోకి వెళ్ళింది. టీవీలో వార్తలు మొదలయ్యే వేళకి కొలత గొట్టం పట్టుకుని వచ్చేస్తుంది. వార్తలు లేకపోయినా వస్తుంది. మొదట్లో దద్దుర్లు అక్కడక్కడ లేచాయి. "అయ్యో" అనబోయి ఆవిడే, "లేస్తే లేవనీ, మందు పడుతోందిగా" అని సర్దుకుంది. తర్వాత తగ్గాయి. ఆ తర్వాత ఓ వారం అసలు లేవలేదు. అయినా డాక్టరమ్మ చెప్పేదాకా ఆపేది లేదని ఆవిడే అందరికీ పాఠం చెప్పసాగింది. పక్కింటావిడక్కూడా.

నెలాఖరున గోడౌను స్నేహితుడు ఫోను చేశాడు. "ఏరా, మీవాడు వస్తున్నాడా?"

"వాడికి తీరిక లేదురా" అన్నాడు డ్రైవరు. "చేతినిండా పని. గోడలు ఎక్కువైపోయాయి లోకంలో." పెట్టేసి చాలాసేపు ఒక్కడే నవ్వుకున్నాడు.

ఆ సాయంత్రం ముందుగదిలో చాపమీద అల్లుడు బోర్లా పడుకుని ఉన్నాడు. బుడంకాయ వీపుమీదెక్కి మెడ, మోచేతులు, మడమలు అన్నీ వెతికేసింది. దొరకలేదు. గుర్రం సిద్ధమవుతోంది. వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ అత్తగారు కాసేపు చూసింది.

"చెవి వెనక చూడవే" అని లోపలికి వెళ్ళిపోయింది.

దొరికింది. పసుపు రంగు చుక్క. ఆ కేకకి ఎదురింటి పిల్లి గోడ దూకింది.

పిల్ల పడుకున్నాక అల్లుడు వసారాలోకి వచ్చాడు. అక్కడ అతని పక్క ఇప్పుడు లేదు. డ్రైవరు చెప్పుకి తెగిన పట్టీ కుట్టుకుంటున్నాడు. అల్లుడు వచ్చి పక్కన కూర్చోకుండా గోడని అరచేత్తో తట్టాడు, ఇంకోచోట తట్టాడు. ఏదో అడగడానికే వచ్చాడని డ్రైవరుకి అర్థమైంది.

"ఏంటో చెప్పవయ్యా. గోడేం జవాబు చెప్పదు."

"ఏం లేదు మామయ్యా. లోపలి గది. బుడంకాయకి పసుపు కావాలట, బాతురంగు. ఇల్లు కట్టినప్పటి సున్నమే ఉంది ఆ గదికి. ఇంతకాలం ఊళ్ళోవాళ్ళ గోడలన్నీ వేశాను, ఇదొక్కటీ వేయలేదు." తల గోక్కున్నాడు. "ఆదివారం పొద్దున్నే మీరు అత్తయ్యనీ, దాన్నీ మీ అన్నయ్యగారింటికి తీసుకెళ్ళండి. రంగు ఆరి వాసన పోయేదాకా, రెండు రోజులు అక్కడే ఉంచెయ్యండి. అత్తయ్య మధ్యలో వచ్చేస్తానంటే మాత్రం, ఏదో ఒకటి చెప్పండి మామయ్యా. బస్సు చెడిపోయిందని చెప్పండి."